తోకచుక్కను చూచుటయు, నమ్మకుండుటయు

మూఢవిశ్వాసమును ఖండించుట యొక పని. ప్రకృతిని పరిశీలించుట మఱియొక పని. మొదటి పని చేసినవారు రెండవదియు చేసినట్లే యని తలచుకొనుట మన సంస్కరణవాదులలో నూఱేండ్లకు పైగా పాతుకొనియున్న పొరపాటు. ఆ పొరపాటును మేమును చేసితిమి. కావున ఈ విమర్శ ముందుగా మామీదనే యారంభించుట న్యాయము.

2024వ సంవత్సరము అక్టోబరు మాసమున, దసరా వెళ్లిన కొలది దినములకు, సూర్యాస్తమయానంతరము పడమటి యాకాశమున నొక తోకచుక్క కనబడుచుండెను. దానిని 2023వ సంవత్సరారంభమున చైనాలోని నక్షత్రశాలవారును, దక్షిణాఫ్రికాలోని యట్లాసు దూరదర్శినివారును కనుగొనిరి గనుక దానికి ఇరువురి పేరులును గలిపి త్సుచిన్షాన్–అట్లాస్ అని పేరుపెట్టిరి. మా యూరి గ్రంథాలయము మేడమీద నొక సభ కూర్చితిమి. తోకచుక్క వలన కఱవు, రోగము, రాజ్యనాశనము కలుగునను భ్రమను పోగొట్టుట మా యుద్దేశము. సూర్యుడు క్రుంకగనే యుపన్యాసము లారంభమాయెను. ముగ్గురము మాటలాడితిమి. వరాహమిహిరుని కాలము నుండి నేటి దినఫలముల వఱకు దేనిని విడువక ఖండించితిమి. చప్పట్లు బాగుగనే మ్రోగెను. ఎనిమిది గంటలు దాటిన పిమ్మట, "ఇక తోకచుక్కను చూతము రండు" అని సభవారిని పడమటి పిట్టగోడ యొద్దకు తీసికొనిపోతిమి. అక్కడ తోకచుక్క లేదు. మేము మాటలాడుచుండగనే యది యస్తమించినది.

వాన వలన గాని, మబ్బు వలన గాని జరిగిన దోషము కాదిది. ఆ చుక్క యెన్ని గంటలకు దిగిపోవునో ముందుగా చూచుకొనవలయునన్న యాలోచనయే మాకు కలుగలేదు. మేము సిగ్గుతో నిలిచియుండగా సభ చివర కూర్చున్న యొక ముసలామె లేచి యిట్లనెను: "ఇందాక ఆ తాటిచెట్టు మీదుగా ఉంది బాబూ. మొన్న ఈ వేళకి మొవ్వు కిందనే ఉండేది. నిన్న మొవ్వు దాటింది. రోజూ పైకి పాకుతోంది, తోక మాత్రం పలచబడుతోంది. మీరు మాట్లాడుతుండగానే దిగిపోయింది." నీవు దినదినము చూచుచున్నావా యవ్వా యని యడిగితిమి. "చూడకేం చేస్తాను? మనవరాలు నిండు నెలలతో ఉంది. ఇది ఎప్పుడు పోతుందో అని చూస్తున్నాను" అని చెప్పినది.

ఆమె భయపడినది, కాని చూచినది. మేము భయపడలేదు, చూడనులేదు. ఒక తాటిచెట్టును గుఱుతుగా పెట్టుకొని, మూడు దినములు వరుసగా, ఒకే వేళకు, చుక్క యెత్తును తోక కాంతిని పోల్చి చెప్పిన యా ముసలామె యా రాత్రి యా మేడమీద నున్నవారిలో నొక్కతెయే ఖగోళపరిశీలకురాలు. ఆమె చెప్పిన రెండు సంగతులును సత్యములే. ఆ తోకచుక్క సెప్టెంబరు 27న సూర్యునికి సమీపముగా పోయి, అక్టోబరు 12న భూమికి సమీపముగా వచ్చి, పిమ్మట దినదినమును సూర్యుని నుండి యెడముగా జరుగుచు, అందుచే సంధ్యవేళ నెత్తుగా కనబడుచు, కాంతి తగ్గుచు పోవుచుండెను. ఇది మా యుపన్యాసములలో నొక్కదానియందును లేదు.

భయము వలన చూచినవారిని మనము తేలికగా త్రోసివేయుచున్నాము. బృహత్సంహితలో వరాహమిహిరుడు కేతుచారమని యొక యధ్యాయము వ్రాసెను. దానిలో ఫలములు చెప్పిన భాగము నేడు మనకు పనికిరాదు. కాని యాతడే, కేతువుల యుదయాస్తమయములు గణితము చేత తెలియరానివని స్పష్టముగ నొప్పుకొనెను. కేతువులు నూటయొకటి యని కొందఱు, వేయి యని కొందఱు, రూపములు మార్చుకొను నొక్కటియే యని నారదుడు చెప్పుదురని పూర్వుల భిన్నాభిప్రాయములను గూడ దాచక వ్రాసెను. తెలియనిదానిని తెలియదని చెప్పుట శాస్త్రబుద్ధికి మొదటి మెట్టు. చీనా రాజుల కొలువులోని జ్యోతిష్కులును శకునముల కొఱకే యాకాశమును చూచిరి. అయినను వారు తేదీతో, దిక్కుతో, నక్షత్రస్థానముతో వ్రాసి పెట్టిరి గనుకనే హేలీ తోకచుక్క క్రీస్తునకు పూర్వము 240వ సంవత్సరమున వచ్చినదని నేడు మనకు తెలియుచున్నది. 1054లో వారు వ్రాసిన "అతిథితార" యొక నక్షత్రము పేలిపోవుటయే యనియు, దాని శిథిలమే నేడు వృషభరాశిలో పీతనీహారికగా కనబడుచున్నదనియు ఖగోళజ్ఞులు నిశ్చయించిరి. వారి భయము వారితో పోయినది. వారి వ్రాత నిలిచినది.

ఇక మన సాహిత్యమునకు వత్తము. తెలుగున తోకచుక్కను గూర్చిన నూతనదృష్టికి మూలపురుషుడు గురజాడ అప్పారావుగారు. 1910లో హేలీ తోకచుక్క వచ్చినపుడు లోకమంతయు గగ్గోలుపడెను. దాని తోకలో విషవాయువున్నదనియు, మే మాసమున భూమి యా తోకగుండ పోవుననియు విని, నాగరికులమని చెప్పుకొను పాశ్చాత్యనగరములలో గూడ జనులు విఱుగుడు మాత్రలు కొని మ్రింగిరి. ఆ సంవత్సరమే వెలువడిన "ముత్యాల సరములు" అను ఖండకావ్యమున అప్పారావుగారు తోకచుక్కను భూమికి దూరపు చుట్టముగా భావించి, కీడు తెచ్చునదన్న మాటను కొట్టివేసి, సంఘసంస్కరణయాత్రకు పతాకగా నిలిపిరి. సర్వవర్ణములవారి సహపంక్తి భోజనమును, ఆకాశమున తోకచుక్కయు నొకే కావ్యమున నిమిడినవి. భయహేతువును బంధువుగా మార్చిన యా యొక్క యూహ చాలును, ఆయనను యుగకర్త యనుటకు.

అయినను విమర్శకుడు ప్రశంసతో నిలిచిపోరాదు. పతాకకు నమస్కరింతుము గాని పతాకను కొలువము. తోకచుక్క సంస్కరణకు గుఱుతైన క్షణముననే యది తోకచుక్కగా నుండుట మానినది. ఇది కవి దోషము కాదు. కవి పని భావమును మార్చుట. ఆ పని యాయన నెఱవేర్చెను. ఆయన తరువాత వచ్చిన మనము, మార్చిన భావమునే వల్లించుచు, చుట్టమని పిలిచిన దానిని వాకిట నిలిపి, తలుపు తీసి ముఖమైన చూడకపోతిమి. 1910 నుండి నేటివఱకు తెలుగున తోకచుక్కలను గూర్చి వచ్చిన వ్యాసములలో మేము చదివినవాని ననేకములను ఒక్కచో పెట్టి చూడగా, తొంబదిపాళ్లు భయమును పరిహసించునవియే. "నేను ఫలాని రాత్రి ఫలాని చోట నుండి చూచితిని, ఇంత కాంతి యుండెను, తోక యింత పొడవుండెను" అని వ్రాసినది మిక్కిలి యరుదు.

ఈ లోపము మన జాతిస్వభావ మనుటకు వీలులేదు. అప్పారావుగారు బాలుడుగా నున్న కాలముననే, విజయనగరమునకు సమీపముననే, విశాఖపట్టణమున నొక నక్షత్రశాల పనిచేయుచుండెను. గోడే వెంకట జగ్గారావుగారు 1840లో డాబాతోటలలో దానిని స్వంతద్రవ్యముతో నెలకొల్పిరి. ఆయన యల్లుడు అంకితం వెంకట నరసింగరావుగారు దానిని వృద్ధిచేసి, 1874 డిసెంబరు 9న శుక్రగ్రహము సూర్యబింబమును దాటుటను పరిశీలించి, ఆ లెక్కలను లండనులోని రాజకీయ ఖగోళసంఘము వారి పత్రికకు పంపిరి. చెన్నపట్టణపు నక్షత్రశాలలో చింతామణి రఘునాథాచార్యులవారు సహాయోద్యోగిగా నుండి, 1867లో జాలకమను దక్షిణరాశిలో నొక నక్షత్రపు కాంతి మాఱుచున్నదని కనుగొనిరి. ఆ నక్షత్రము చెన్నపట్టణమునుండి చూచువారికి దిగంతమునకు పదునాలుగు పదునైదు అంశల కంటె పైకి రాదు. సముద్రపు మంచులో, ఊరి పొగలో, అంత క్రిందుగా నున్న చుక్కయొక్క కాంతి నేడొకవిధముగా రేపొకవిధముగా నున్నదని చెప్పుటకు ఎంత యోపిక కావలయునో చదువరు లూహింపవచ్చును.

ఆచార్యులవారు చేసిన మఱియొక పని మాకు మఱింత ముఖ్యముగా తోచుచున్నది. 1874 నాటి శుక్రగ్రమణమును గూర్చి ఆయన యొక చిన్న పుస్తకమును సంభాషణరూపమున వ్రాసి దేశభాషలలో ప్రచురించిరి. పంచాంగములు కంటికి కనబడు ఆకాశముతో సరిపోవలెనని వాదించి, దృగ్గణితపంచాంగమును వెలువరించిరి. దృక్ అనగా చూపు. చూపునకు సరిపడని గణితము, గణితమున కందని విశ్వాసము, రెండును సమానముగ దిద్దుకొనవలసినవే యని యాయన యభిప్రాయము. పంచాంగమును చింపివేయుమని యాయన చెప్పలేదు; ఆకాశమును చూచి దిద్దుకొనుమని చెప్పిరి. మన సంస్కరణవాఙ్మయమున చింపుమన్నవారు పలువు రున్నారు. దిద్దుమన్న యీయన పేరు మాత్రము మన పాఠ్యపుస్తకములలో కనబడుట యరుదు.

ధనము లేనివాడు, చదువు లేనివాడు ఈ పని చేయగలడా యని కొంద రడుగుదురు. వంగదేశమున జెస్సూరు పట్టణమున రాధాగోవింద చంద్ర యను నొక చిరుద్యోగి యుండెను. ప్రవేశపరీక్షలో మాటిమాటికి తప్పినవాడు. ప్రభుత్వ ఖజానాలో నాణెముల మంచి చెడ్డలు పరీక్షించుట యాతని జీవనోపాధి. 1918 జూను మాసమున గరుడరాశిలో నొక క్రొత్తతార వెలుగుటను తనంతట తాను కనిపెట్టెను. అందుమూలమున అమెరికాలోని చరతారా పరిశీలకుల సంఘముతో నాతనికి సంబంధ మేర్పడెను. 1911లో స్థాపింపబడిన యా సంఘము, కాంతి మాఱు నక్షత్రములను సామాన్యజనులచేత పరిశీలింపజేసి లెక్కలు కూర్చును. వారాతనికి ఆఱంగుళముల దూరదర్శినిని 1926లో పంపిరి. 1954 వఱకు ఆతడు పంపిన పరిశీలనములు 37,000లకు పైబడినవి. పగలు నాణెము, రాత్రి నక్షత్రము. రెంటియందును ఆతడు చేసినది కాంతిని చూచి విలువ కట్టుటయే.

ఆ దూరదర్శిని కాలక్రమమున వేణు బప్పుగారి చేతికి వచ్చి, కావలూరు నక్షత్రశాలకు చేరినది. బప్పుగారు హైదరాబాదులో పెరిగినవారు. తండ్రి నిజామియా నక్షత్రశాలలో నుద్యోగి. నిజాము కళాశాలలో చదువుకొను దినములలోనే చరతారలను గూర్చి వ్యాసములు ప్రకటించిరి. 1949 జూలైలో, అమెరికాలోని హార్వర్డులో విద్యార్థిగా నుండగా, తాము తీసిన ఛాయాచిత్రపు పలకమీద నొక క్రొత్త తోకచుక్కను కనుగొనిరి. అది బప్పు–బాక్–న్యూకిర్క్ అను పేర నేటికిని పట్టికలలో నున్నది. క్రొత్త తోకచుక్క దొరకుట యదృష్టమని లోకులందురు. ఆ పలకమీద నేది యుండవలెనో ముందుగా నెఱిగినవానికే యుండరానిది కనబడును.

చరతారలను పరిశీలించు విధము మిక్కిలి సులభమైనది. కాంతి మాఱని రెండు చుక్కల నెన్నుకొనవలెను. ఒకటి మనము చూచు తారకంటె కొంచెము ప్రకాశవంతము, ఒకటి కొంచెము మందము. ఆ రెంటి కాంతిపరిమాణములు పటములలో నుండును. మన తార వానినడుమ నెక్కడ నున్నదో కంటితో నిర్ణయించి, తేదీ, గంట, పరిమాణము వ్రాయవలెను. నిన్న నేమి వ్రాసితిమో చూడక వ్రాయవలెను; నిరీక్షించినదానిని గాక కనబడినదానిని వ్రాయవలెను. కనబడనిచో "ఇంతకంటె మందము, కనబడలేదు" అని వ్రాయవలెను. ఈ కడపటి నియమము మాకు మిక్కిలి నచ్చినది. లేదని వ్రాయుటయు లెక్కయే. తన కోరికకు విరుద్ధమైన దానిని తన చేతితో వ్రాయుట కంటె మంచి సంస్కారము మనుష్యునకు మఱి యే విద్య నేర్పును?

దూరదర్శిని లేనివారికి ఆర్ద్ర యున్నది. ఆర్ద్ర కార్తె యెఱుగని తెలుగు రైతు లేడు. రోహిణి యెఱుగని పెండ్లి పెద్ద లేడు. సాధారణముగా ఆర్ద్ర రోహిణి కంటె ప్రకాశవంతముగ నుండును. 2019 చివర మొదలుకొని 2020 ఫిబ్రవరి వఱకు ఆర్ద్ర క్రమక్రమముగ మందగించి, రోహిణి కంటె స్పష్టముగ మసకబాఱినది. ఆ తార వెలిగ్రక్కిన పదార్థము చల్లబడి ధూళియై మన చూపున కడ్డు వచ్చెననియు, దాని యుపరితలమున నొక భాగము చల్లబడెననియు 2021లో శాస్త్రజ్ఞులు వివరించిరి. వానలకు ఆర్ద్ర పేరు చెప్పుకొను మనలో, ఆ శీతకాలమున ఇంటి ముంగిట నిలిచి రోహిణితో ఆర్ద్రను పోల్చి చూచినవా రెందఱు? మేము చూడలేదు. నాలుగు నెలలపాటు మన నెత్తిమీద జరిగిన వింతను మనము వార్తాపత్రికలో చదివి తెలిసికొంటిమి.

వార్తాపత్రికల సంగతి వచ్చినది గనుక నొక మాట. ఏ క్రొత్త తోకచుక్క కనుగొనబడినను "ఈ శతాబ్దపు తోకచుక్క" యని వ్రాయుట వానికి పరిపాటియైనది. 1973లో కోహూటెక్ తోకచుక్కను గూర్చి యట్లే వ్రాసిరి, చెప్పినంత వెలుగలేదు. 2013లో ఐసాన్‌ను గూర్చి యట్లే వ్రాసిరి. నవంబరు 28న సూర్యుని సమీపించి ముక్కలై మాయమాయెను. 2020 వసంతమున అట్లాసు తోకచుక్క యొకటి యెదురుచూపుల నడుమ పగిలిపోయెను. తోకచుక్క మంచు, ధూళి కలిసిన ముద్ద. సూర్యుని వేడికి అది యెంత యావిరి విడుచునో, నిలుచునో విచ్చిపోవునో ముందుగా చెప్పుట కష్టము. ఉపద్రవమును జోస్యము చెప్పిన పూర్వపు పంచాంగమునకును, వైభవమును జోస్యము చెప్పు నేటి పత్రికకును మాకు పెద్ద భేదము కనబడుట లేదు. రెండును చూడకమునుపే చెప్పునవి. జోస్యము తప్పిన తరువాత మౌనము వహించుటలోను రెండింటికి పోలిక యున్నది.

ఇప్పుడు యంత్రములు రాత్రి రాత్రికి ఆకాశమంతయు చిత్రించుచున్నవి గదా, మన కన్నులతో పని యేమి యని మఱికొందఱాక్షేపింతురు. ఇది త్రోసివేయదగిన యాక్షేపము కాదు. నేడు క్రొత్త తోకచుక్కలలో మిక్కిలిభాగము యంత్రములకే దొరకుచున్నవి. కాని పెద్ద దూరదర్శినులకు ప్రకాశవంతమైన తారలు కన్నులు మిఱుమిట్లు గొలుపును. అవి మందతారల కొఱకు నిర్మింపబడినవి. నూఱేండ్ల క్రిందట కంటితో చేసిన లెక్కలతో పోల్చుటకు నేటి కంటితో చేసిన లెక్కయే తగును. హంసరాశిలోని యొక తార 1896లో కనుగొనబడినది. అది సుమారు ఏబది దినముల కొకసారి పండ్రెండవ పరిమాణము నుండి యెనిమిదవ పరిమాణమునకు ఉబికి మరల తగ్గును. నాటినుండి నేటివఱకు దాని ప్రతి విజృంభణమును, తరతరముల సామాన్యులే విడువక వ్రాసిరి. ఆ వరుస యొకసారి తెగిన, ఏ యంత్రమును వెనుకకు పోయి దానిని పూరింపలేదు.

అట్లు తెగిన రాత్రి యెట్లుండునో తెలిసికొనుటకు ఒక్క యుదాహరణ చాలును. స్వాతికి తూర్పున ఉత్తరకిరీటమను చిన్న రాశి గలదు. అందొక జంటతార. ఒక యెఱ్ఱని పెద్దతార నుండి హైడ్రోజను వాయువు ప్రక్కనున్న తెల్లని మరుగుజ్జు తారమీద పొరలు పొరలుగా చేరి, ఎనుబదేండ్ల కొకసారి యొక్కపెట్టున మండును. అప్పుడది పదవ పరిమాణము నుండి రెండవ పరిమాణమునకు, అనగా 1,500 రెట్లకు పైగా ప్రకాశించి, కొలది దినములలో మరల కంటికి కానరాకుండ పోవును. 1866లో నట్లు వెలిగెను. 1946 ఫిబ్రవరిలో మరల వెలిగెను. అమెరికాలో లెస్లీ పెల్టియర్ అను వ్యవసాయదారుడు, బాల్యమున స్ట్రాబెరీపండ్లు కోసిన కూలితో కొన్న దూరదర్శినితో నారంభించి, పండ్రెండు తోకచుక్కలు కనుగొన్నవాడు, ఆ తారను ఇరువదియైదేండ్లు కాచి కూర్చుండెను. ఆ ఫిబ్రవరి రాత్రి తెల్లవాఱుజామున లేచి, పడిసెము పట్టునట్లున్నదని మరల పండుకొనెను. ఆ రాత్రియే తార పేలెను. అదే సమయమున సోవియటు దేశమున రైలుదారిని కాచుకొను నొక పనివాడు తన పనిలో నుండగనే దానిని చూచెను. పెల్టియర్ ఈ సంగతిని దాచుకొనక 1965లో తన గ్రంథమున తానే వ్రాసెను. తన వైఫల్యమును తేదీతో వ్రాసిన యా వ్యవసాయదారుని మేము మా యుపన్యాసకులందఱికంటె గొప్ప సంస్కర్తగా భావించుచున్నాము. 2024లో ఆ తార మరల వెలుగునని పలువురు జోస్యము చెప్పిరి. ఆ సంవత్సరమున వెలుగలేదు. తార తన కాలమునకు వెలుగును. కాచువానికి జోస్యముతో పనిలేదు.

మా సభ జరిగిన మఱునాడు మేము సూర్యాస్తమయమునకే మేడ యెక్కితిమి, ఉపన్యాసము లేదు. ముసలామెను పిలిపించితిమి. ఆమె తాటిచెట్టునకు పైన వేలు చూపినది. మేము గంట చూచుకొని, చేతిని చాచి, తాటిమొవ్వునకు చుక్కకు నడుమ పిడికిళ్లు లెక్కించి, గ్రంథాలయపు పాత జమాఖర్చు పుస్తకములో మిగిలిన పుటలలో వ్రాసితిమి. ఆమె చెప్పిన మూడు దినముల గుఱుతులను గూడ, చూచినది ఆమెయే యని తెలిపి, ముందు పంక్తులుగా చేర్చితిమి. మనవరాలిని గూర్చి యామె మరల నడిగినది. భయపడవలదని మేము చెప్పలేదు. అట్లు చెప్పుట యంతకుముందు రాత్రి పనికిరాలేదు. ఎంత వేగముగా పైకి పోవుచున్నదో, ఎంత వేగముగా మసకబాఱుచున్నదో ఆ పుస్తకమునందలి పంక్తులనే చూపి, మరి పది పదునైదు దినములలో వట్టి కంటికి కనబడదని చెప్పితిమి. "అయితే రోజూ వచ్చి నేనే చూసి చెబుతాను" అని యామె యనెను. ఆమె భయము పోయినదని మేము వ్రాయజాలము. ఆమె ప్రశ్న మాత్రము మాఱినది. అది మాఱుటకు మా ముగ్గురి వాగ్ధాటి కాక, నాలుగు పంక్తుల లెక్క కారణమైనది.

కాబట్టి మా మనవి యిది. ప్రతి గ్రంథాలయము, ప్రతి పాఠశాల, ప్రతి సంస్కరణసంఘము మూఢవిశ్వాసఖండనమునకు పెట్టు కాలములో నాలుగవ పాలైనను మేడమీద పెట్టవలెను. ఒక పుస్తకము, ఒక పెన్సిలు, ఒక యెఱ్ఱకాగితము చుట్టిన దీపము చాలును. ఆర్ద్రను, ఉత్తరకిరీటమును, వచ్చిపోవు తోకచుక్కలను కనబడినట్లు వ్రాయుడు. కనబడనినాడు కనబడలేదని వ్రాయుడు. రఘునాథాచార్యులు దృక్కును ముందు, గణితమును తరువాత పెట్టిరి. మనము వాదమును ముందు పెట్టి దృక్కును మఱచితిమి. ఆ క్రమమును సరిచేసికొననిచో, నూఱేండ్ల తరువాత మన కాలమున వచ్చిన తోకచుక్కలను గూర్చి యడుగువారికి, మనము వానిని నమ్మలేదని మాత్రమే చెప్పుకొనగలము.